రంగులేసే గుడ్లు పగలకుండా ఉడకాలంటే ఎట్లా?

చీరాల అల్లుడు (బెంగళూరు, కె.ఆర్. పురం):

నమస్కారం అందరికీ. ప్రశ్న చిన్నదే, వెనకాల కథే పొడుగు. ఓపిక చేసుకుని చదవండి.

ఈసారి ఈస్టర్ ఏప్రిల్ 5. ముందురోజు శనివారం సాయంత్రం మా ఇంట్లో కోడిగుడ్లకి రంగులేసే కార్యక్రమం ఉందని మా పాప అపార్ట్‌మెంటంతా చాటింపు వేసేసింది. మాకిద్దరు పిల్లలు, పాపకి తొమ్మిదేళ్ళు, బాబుకి అయిదు. ఎదురింటి మలయాళీల కవలలు వస్తారు. పై అంతస్తు నుంచి ఇంకో బుడ్డోడు వస్తాడు, వాడు పిలవకపోయినా వస్తాడు. తలా నాలుగు చొప్పున ఇరవై, చేతికింద మరో నాలుగు. మొత్తం 24 గుడ్లు ఉడకబెట్టే డ్యూటీ నాది. మా ఆవిడ నర్సు, ఆరోజు తనకి మధ్యాహ్నం షిఫ్టు.

నిరుడు కూడా ఈ డ్యూటీ నాకే పడింది. ఫ్రిజ్‌లోంచి 18 గుడ్లు తీశాను. రెట్ట మరకలున్నాయని స్టీలు పీచు పెట్టి బాగా తోమాను. పెద్ద గిన్నెలో నీళ్ళు సలసలా కాగుతుంటే ఒక్కోటి వదిలాను. మొదటిదే టప్పుమంది. తర్వాత నాలుగోది, అయిదోది. కాసేపటికి మూత తీసి చూస్తే తెల్లసొన బయటికొచ్చి విరిగిన పాలలాగా గిన్నె నిండా తేలుతోంది. లెక్కపెడితే 11 పగిలాయి. మిగిలినవి ఏడు, పిల్లలు అయిదుగురు. కొట్టుకునేట్టున్నారని పగిలినవాటిక్కూడా రంగులు వేయించేశాను.

మర్నాడు చర్చి నుంచి వచ్చాక ఆ పగిలినవి పారేద్దామంటే మా అత్తగారు ఒప్పుకోలేదు. "డబ్బులు పోసి కొన్నవి కావూ?" అంటూ అన్నీ ఒలిచి చింతపండు పులుసు పెట్టేశారు. పగుళ్ళలోంచి నీలం రంగు లోపలికి దిగి, ఒలిచిన గుడ్డు మీద సాలెగూడు గీసినట్టుంది. పులుసులో పసుపు తగిలేసరికి ఆ గీతలన్నీ ఆకుపచ్చకి తిరిగాయి. పిల్లలు కంచాల ముందునుంచి లేచిపోయారు. నేనూ లేవబోయాను గానీ అల్లుణ్ణి కదా, కుదర్లేదు. ఆవిడ మాత్రం మా మొహాలు చూస్తూనే రెండు గుడ్లు తిని, "ఉప్పు సరిపోయింది" అన్నారు.

ఆవిడది చీరాల. వాళ్ళకి ఈస్టరంటే తెల్లారకముందే సమాధుల తోటకి పోయి, సున్నం కొట్టించిన సమాధుల మీద పూలూ కొవ్వొత్తులూ పెట్టి, ప్రార్థన చేసుకుని అటునుంచటే గుడికి వెళ్ళడం. రంగు గుడ్ల ముచ్చట వాళ్ళింట్లో ఎప్పుడూ లేదు. "ఈ గుడ్ల గోల మీ బెంగళూరుది" అని ఆవిడ తీర్మానం. ఈసారి కూడా బుధవారం దిగుతున్నారు. నాకిది పరువు సమస్యయిపోయింది.

ఇక నా సందేహాలు. చీరాల్లో అత్తగారు పొయ్యి మీద పది నిమిషాలుంచి దించితే గుడ్డు గట్టిగా ఉడుకుతుంది. ఇక్కడ నేను అదే పది నిమిషాలు ఉంచితే మధ్యలో తడి. ఇది ఊరి ఎత్తు వల్లా, నా చేతి మహిమా? పగలకుండా ఏం చెయ్యాలి? వెనిగర్ వెయ్యాలంటారు, ఉడికే నీళ్ళలోనా, రంగులోనా? నిరుడు పగలని ఏడింటికి కూడా రంగు మచ్చలు మచ్చలుగా పట్టింది, ఎందుకని? అన్నిటికన్నా ముఖ్యం, ఆ తర్వాత అవి తినేలా ఉండాలి. పారేస్తే అత్తగారు ఊరుకోరు.

నిజాంపట్నం:

గుడ్లు ఉడకబెట్టడానిక్కూడా థ్రెడ్డా బాసూ. ఫ్రేజర్ టౌన్ వెళ్ళు, ఈస్టర్ ముందు అక్కడి బేకరీల్లో మార్జిపాన్ గుడ్లు, చాక్లెట్ గుడ్లు ఎన్ని కావాలంటే అన్ని. పగిలినా తినొచ్చు, పులుసు పెట్టక్కర్లేదు.

చీరాల అల్లుడు:

అవీ కొంటాం అన్నా. కానీ మా పాపకి కొన్న గుడ్డు లెక్కలోకి రాదు. చేతులకి రంగంటాలి, తమ్ముడు ఏదో ఒకటి ఒలకబొయ్యాలి, తను అరవాలి. పండగంటే అదే దానికి.

పరీక్షనాళిక (బెంగళూరు, మల్లేశ్వరం):

అల్లుడుగారూ, ముప్ఫై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. మీ నిరుటి ప్రయోగంలో ఏ మెట్టూ తప్పకుండా అన్నీ తప్పులే చేశారు. అందుకే చెప్పడానికి నాకూ సులువు.

ముందు ఎత్తు సంగతి. చీరాల సముద్రం పక్కనుంది, బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మంట ఎంత పెంచినా అంతకు మించి వేడెక్కవు, ఆవిరై పోతాయంతే. అయితే తెల్లసొన 62 డిగ్రీల దగ్గర చిక్కబడటం మొదలై 80 దాటాక పూర్తిగా బిగుసుకుంటుంది. పచ్చసొన 65, 70 మధ్య గట్టిపడుతుంది. కాబట్టి 97 ధారాళంగా చాలు, గుడ్డు నడిమధ్యకి వేడి చేరడానికి ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుందంతే. మీ తడికి ఊరు సగం కారణమైతే ఫ్రిజ్ సగం. అంత చల్లటి గుడ్డుకీ, గదిలో ఉన్న గుడ్డుకీ ఒకే లెక్క ఎలా కుదురుతుంది? అత్తగారు చీరాల్లో గుడ్లు ఫ్రిజ్‌లో పెట్టరని నా అనుమానం.

పగలడం గురించి. గుడ్డు వెడల్పుగా ఉండే కొసలో చిన్న గాలి గది ఉంటుంది. ఒక్కసారిగా వేడి తగిలితే ఆ గాలి ఉబ్బుతుంది. పెంకుకి సన్నటి రంధ్రాలుంటాయి గానీ వాటిలోంచి మెల్లగా జారుకునేంత తీరిక దానికి దొరకదు. పెంకు చీలుతుంది. పైగా సలసలా కాగే నీళ్ళలో 18 గుడ్లు ఒకదాన్నొకటి, గిన్నె అడుగునీ గుద్దుకుంటాయి. చల్లనీళ్ళలో పెట్టి మెల్లగా కాస్తే పగలవు నిజమే, కానీ అలా ఉడికితే తెల్లసొన లోపలి పొరకి అతుక్కుపోయి, ఒలిచేటప్పుడు గుంటలు గుంటలుగా ఊడుతుంది. కాగే నీళ్ళలో వేస్తే ఒలవడం సులువు, పగిలే భయం. ముందు నుయ్యి వెనక గొయ్యి.

దీనికి మనింట్లోనే మందుంది. ఇడ్లీ పాత్ర. అడుగున రెండు వేళ్ళ మందం నీళ్ళు పోసి మరగనివ్వండి. గుడ్లని ఇడ్లీ గుంటల్లో పడుకోబెట్టండి. ప్లేటుకీ ప్లేటుకీ మధ్య గుడ్డు పట్టదు, అందుకని ఒక ప్లేటు వదిలి ఒకటి పెట్టుకోవాలి. మూతపెట్టి 13 నిమిషాలు. ఆవిరికి వేడి ఉంటుంది, కుదుపు ఉండదు. ఎవరి గుంటలో వాళ్ళు పడుకుంటారు, గొడవ లేదు. తీయగానే చల్లటి నీళ్ళలో పది నిమిషాలు ముంచండి. అలా ముంచకపోతే లోపలి వేడికి ఉడుకుతూనే ఉంటుంది. పచ్చసొన చుట్టూ బూడిద పచ్చ వలయం కనపడుతుంది చూశారా, అది అదే. తెల్లసొనలోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. తింటే ఏమీ కాదు, చూడ్డానికి బావుండదు.

వెనిగర్ రంగులోనే వెయ్యాలి. ఉడికే నీళ్ళలో వేస్తే, పగిలిన గుడ్డు సొన అక్కడికక్కడే గడ్డకట్టి ఎక్కువ కారకుండా ఆపుతుందేమో గానీ పగలకుండా ఆపదు. రంగులో దాని పని వేరు. పెంకు మీద కంటికి కనపడని ప్రొటీన్ పొర ఒకటుంటుంది. పులుపు తగిలితే ఆ ప్రొటీన్‌కి ధనావేశం వస్తుంది. మిఠాయి రంగుల అణువులది ఋణావేశం. ఇంకేముంది, అంటుకుపోతాయి. అరకప్పు వేడినీళ్ళు, ఒక టీస్పూన్ వెనిగర్, చిటికెడు రంగు, అయిదు నిమిషాలు. వెనిగర్ ఎక్కువైతే పెంకులోని కాల్షియం కార్బొనేటే కరిగి బుడగలు వస్తాయి, పైపొర లేచిపోతుంది. ఇప్పుడు మీ మచ్చల రహస్యం చెప్పనా? స్టీలు పీచు. ఆ పొరని మీరే అక్కడక్కడా గీకేశారు. పొర ఉన్నచోట రంగు పట్టింది, లేనిచోట పట్టలేదు. ఈసారి తడిగుడ్డతో తుడవండి చాలు.

ఇంకొక్క మాట. వంటకి వాడే రంగులు మాత్రమే. పిల్లలు కదా అని ముగ్గు రంగులో, హోళీ రంగులో మిగిలినవి తీయకండి. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు, మార్చిలో మన కర్ణాటక పీచుమిఠాయి విషయంలో ఎందుకు గట్టిగా పట్టుకున్నాయో గుర్తుందా? రోడమిన్-బి. అది బట్టలకి అద్దే రంగు. గులాబీరంగు తళతళలాడుతూ అగ్గువగా దొరికిందంటే అనుమానించాల్సిందే.

పెరంబూరు పిన్ని (చెన్నై):

మేష్టారు అంతా చెప్పేశారు, నాకు మిగిలింది ఉల్లిపొట్టే!

అల్లుడూ, నేను పెరంబూరులో ముప్ఫై ఏళ్ళ నించి ఉంటున్నాను. మా వీధిలో రైల్వేలో చేసిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలుండేవి. పక్కింటి ఆంటీ దగ్గర నేర్చుకున్నా ఇది. రంగు డబ్బా కొనక్కర్లేదు. ఉల్లిపాయలమ్మే కొట్టుకి పోయి, బస్తా అడుగున మిగిలిన పొట్టు అడుగు. ఊరికే ఇస్తాడు, ఊడ్చే పని తప్పిందని సంతోషిస్తాడు కూడా. గిన్నె నిండా అదిమి పెట్టి, మునిగేదాకా నీళ్ళు పోసి అరగంట మరగనివ్వు. ఇల్లంతా ఒకలాంటి వాసన వస్తుంది, కంగారుపడకు. వడగట్టి చల్లారాక రెండు స్పూన్ల వెనిగర్ కలుపు. ఉడికిన గుడ్లు అందులో అరగంట ఉంచితే నారింజ, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే ముదురు ఇటుక రంగు. ఆ రంగు ఏ డబ్బాలోనూ దొరకదు.

పిల్లలకి అసలు మజా ఆకుల అచ్చు. గుడ్డు మీద కొత్తిమీర ఆకు తడిచేసి అతికించి, పాత నైలాన్ చున్నీ ముక్కలో బిగించి చుట్టి, వెనక దారంతో ముడెయ్యి. అలాగే రంగులో వెయ్యి. విప్పితే ఆకున్నచోట తెల్లగా ఈనెలతో సహా అచ్చు పడి ఉంటుంది. మునగాకు కూడా బావుంటుంది. కరివేపాకు వద్దు, బిరుసుగా ఉండి గుడ్డు గుండ్రానికి ఒదగదు, అంచుల్లోంచి రంగు దూరిపోతుంది. బిగించి కట్టడంలోనే ఉంది కిటుకంతా. మీ బాబు అయిదేళ్ళవాడు కదా, ముడి నువ్వెయ్యి, ఆకు వాణ్ణి ఎంచుకోనీ.

పసుపు నీళ్ళు మరిగించి వడగడితే పచ్చటి పసుపు రంగు. ఊదా క్యాబేజీ తరిగి మరిగిస్తే నీలం. వెనిగర్ పోయగానే ఆ నీళ్ళు గులాబీ రంగుకి మారతాయి, ఇదేంటి గులాబీ వచ్చిందని పారబొయ్యకు, తెల్ల గుడ్డుకి మాత్రం నీలమే పడుతుంది. ఎందుకో మేష్టారే చెప్పాలి. బీట్‌రూట్ మీద ఆశలు పెట్టుకోకు. నీళ్ళలో చూస్తే రక్తం, గుడ్డు మీద చూస్తే మట్టి.

తినడం సంగతి. రంగులు వేసి టేబుల్ మీద అందంగా పేర్చి రోజంతా ఉంచొద్దు. బయట రెండు గంటలు, మా చెన్నై ఎండల్లో అయితే గంటే. తర్వాత ఫ్రిజ్‌లోకి. పెంకుతో ఉంటే వారం లోపల తినేయాలి. ఉడికిన గుడ్డు పచ్చిదానికన్నా తొందరగా పాడవుతుంది, చాలామందికి తెలీదు.

మీ అత్తగారితో చెప్పు, ఇది బెంగళూరు గోల కాదని. ఈస్టర్‌కి ముందు ఉపవాసాలుండే శ్రమదినాలు నలభై రోజులూ ఐరోపాలో ఒకప్పుడు మాంసంతోపాటు గుడ్లు కూడా మానేసేవాళ్ళు. మనుషులు ఉపవాసముంటే కోళ్ళు ఉంటాయా? అవి పెడుతూనే ఉంటాయి. అలా పోగుపడినవి పండగనాటికి రంగులద్దుకున్నాయి. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ ఇంటి లెక్కల్లో 1290లో ఈస్టర్‌కి 450 గుడ్లు 18 పెన్నీలకి కొన్నట్టు ఉందట. రంగులేసి, బంగారు రేకు చుట్టి పంచడానికి. గ్రీకువాళ్ళయితే ఈస్టర్‌కి ముందు గురువారమే గుడ్లన్నీ ఎర్రగా అద్దేస్తారు, క్రీస్తు రక్తానికి గుర్తుగా. పండగనాడు ఒకరి గుడ్డుతో ఇంకొకరి గుడ్డు ఢీకొట్టి, ఎవరిది పగలకుండా మిగులుతుందో చూసుకుంటారు. మన సంక్రాంతికి కోడిపందేలు, వాళ్ళకి గుడ్డు పందేలు!

అట్టకి ముప్ఫై (బెంగళూరు):

గుడ్ల హోల్‌సేల్ కొట్టు నాది. అందరూ ఒక్కటి మర్చిపోయారు. కొట్టుకొచ్చి "తాజావి ఇవ్వు" అని అడక్కండి. ఉడకబెట్టడానికి తాజా గుడ్డు పనికిరాదు, పెంకుతోపాటు సగం గుడ్డు ఊడొస్తుంది. మాకు నామక్కల్ నుంచి లోడు వస్తుంది. మీకు శనివారం కావాలంటే సోమవారమో మంగళవారమో కొని, ఫ్రిజ్‌లో కాకుండా బయటే పెట్టుకోండి. నీళ్ళలో వేసి చూడండి, అడుగున పడుకుంటే తాజా, అడుగున ఉంటూనే నిలబడితే మీక్కావలసింది అదే, పైకి తేలితే చెత్తబుట్ట.

తెల్లవే తీసుకోండి. నాటుగుడ్డు బలం అంటారు గానీ దాని పెంకుకి ముందే రంగుంది, మీ నీలం దాని మీద బురదలా కనిపిస్తుంది. కొనేటప్పుడు రెండు గుడ్లు చెవి దగ్గర మెల్లగా తాటించండి. కణకణమంటే మంచిది, మొద్దుగా మోగితే ఎక్కడో వెంట్రుకవాసి చీలిక ఉన్నట్టే. మా కుర్రాళ్ళు అట్టలు అట్టలు అలాగే ఏరతారు.

పరీక్షనాళిక:

అట్టగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. కారణం ఏంటంటే, తాజా గుడ్డు తెల్లసొన పీహెచ్ 7.6 దగ్గర ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ పెంకు రంధ్రాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి 9 దాటుతుంది, అంటే క్షార గుణం పెరుగుతుంది. అప్పుడు తెల్లసొన లోపలి పొరని అంత గట్టిగా పట్టుకోదు.

పిన్నిగారూ, మీ క్యాబేజీ కూడా అదే పాఠం. దాని రంగు పులుపులో గులాబీ, క్షారంలో నీలం. నీళ్ళు పుల్లగా ఉన్నా పెంకు క్షార గుణం గలది కదా, దాన్ని ఆనుకున్నచోట నీలమైపోతుంది. నేను క్లాసులో లిట్మస్ కాగితాలకి బదులు ఇది చూపించాల్సింది.

చీరాల అల్లుడు:

గురువారం రాత్రి. అందరికీ దండాలు. ఆగలేక నిన్న రాత్రే ఆరు గుడ్లతో రిహార్సల్ వేశాను.

మంగళవారమే ఒక అట్ట తెచ్చి, చెవి దగ్గర తాటించి మరీ ఏరుకున్నా. కొట్టతను నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ఇడ్లీ పాత్రలో పెట్టి 13 నిమిషాలు. అయిదు నున్నగా వచ్చాయి, ఒక్కటి పగిలింది. అది నా తప్పే. గుంటలు ఆరున్నా ప్లేటు మధ్యలో కడ్డీ దగ్గర ఇరికింది, మూత పెట్టేటప్పుడు నొక్కేశాను. ఒలిచి చూస్తే పచ్చసొన అంచు దాకా పసుపే, పచ్చ వలయం లేదు, మధ్యలో తడి లేదు.

అత్తగారు సోఫాలోంచే అంతా చూస్తున్నారు. "ఇడ్లీ పాత్రకి నీచు వాసన పడుతుంది, రేపు ఇడ్లీలు నేను తినను" అన్నారు. ఇది మీరెవరూ చెప్పలేదే? నిమ్మచెక్క పెట్టి రెండుసార్లు తోమాను. పొద్దున మెచ్చుకోకుండానే నాలుగు ఇడ్లీలు తిన్నారు.

ఫ్రిజ్ సంగతి మేష్టారి అనుమానం నిజం. అడిగితే, "గుడ్లు ఫ్రిజ్‌లో ఎందుకు, అవేమన్నా ఐస్‌క్రీమా?" అన్నారు.

చీరాల అల్లుడు:

ఆదివారం రాత్రి. పండగ రిపోర్టు.

24కి 23. ఒకటి పై అంతస్తు బుడ్డోడు ఆడుకుంటూ కింద పడేశాడు, దాన్ని ఉడకబెట్టిన లెక్కలోకి తీసుకోను. నాలుగు వాయిలు వేయాల్సొచ్చింది, వాయికి ఆరు. మొత్తం గంట పైనే పట్టింది. మిగతాది పిల్లల పని.

గాజు గ్లాసుల్లో రంగులు పెట్టాం. కేసరి రంగు ఒకటి, ఆకుపచ్చ ఒకటి, పసుపు, క్యాబేజీ, ఉల్లిపొట్టు. పాప వద్దన్నా వినకుండా బీట్‌రూట్ కూడా పెట్టింది, పిన్ని చెప్పినట్టు మట్టే. క్యాబేజీ నీళ్ళలో వెనిగర్ పోసి గులాబీ అవగానే కవలలు కేకలు పెట్టారు. అరగంటకి గుడ్డు నీలంగా బయటికొస్తే ఆ కేకలకి కింది ఫ్లోర్ ఆంటీ ఫోన్ చేశారు. మచ్చలు ఒక్క గుడ్డుకే పడ్డాయి. అది మా బాబుది. వాడు అప్పుడే వెన్న బిస్కెట్ తిన్న చేత్తో పట్టుకున్నాడు, అయిదు వేళ్ళూ తెల్లగా అచ్చుపడ్డాయి. వాడు దాన్నే అందరికీ చూపిస్తున్నాడు.

ఉల్లిపొట్టు గుడ్లు మాత్రం రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున విప్పాం. నేను, పాప, అత్తగారు. నాలుగున్నరకి లేచారావిడ, ఆరాధనకి తయారవ్వాలి కదా. ఆ టైములో చీరాల నుంచి మా బావమరిది వీడియో కాల్ చేశాడు, సమాధుల తోటలోంచి. చీకట్లో కొవ్వొత్తులు తప్ప ఏమీ కనపడటం లేదు. మామగారి సమాధి దగ్గర ఆగి ఫోన్ తిప్పి చూపించాడు. ఆవిడ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో ముడి విప్పడానికి తంటాలు పడుతున్నారు. నేను అందుకోబోతే ఇవ్వలేదు. చున్నీ ముక్క ఊడి కొత్తిమీర ఆకు జారిపోయి, ఇటుక రంగు మీద ఆకు అచ్చు తేలింది, సన్న కాడతో సహా. దాన్ని కెమెరాకి ఎదురుగా పెట్టి, "చూడరా" అన్నారు బావమరిదితో. ఇంకేమీ అనలేదు.

మధ్యాహ్నం పిన్ని చెప్పిన గ్రీకు పందెం మొదలైంది. అయిదు నిమిషాల్లో తొమ్మిది గుడ్లు చిట్లాయి. గెలిచింది పై అంతస్తు బుడ్డోడు. వాడు గుడ్డు సన్నకొస ముందుకి పెట్టి కొడుతున్నాడని మేం కనిపెట్టేసరికి ఆట అయిపోయింది. ఆ తొమ్మిదీ పులుసులోకి వెళ్ళాయని వేరే చెప్పాలా? ఈసారి నీలం గీతల్లేవు. "నిరుటి పచ్చ గుడ్ల పులుసు లేదా అమ్మమ్మా" అని మా బాబు అడిగాడు. నిరుడు కంచం వదిలేసి పరిగెత్తింది వీడే.

ఒక్క సమస్య మిగిలింది. పసుపు గ్లాసు టేబుల్ మీద ఒలికింది. చెక్క టేబుల్, పైన తెల్ల సన్‌మైకా. సబ్బు, నిమ్మకాయ, వంటసోడా అన్నీ అయ్యాయి. సోడా వేస్తే ఎర్రబడింది. మా ఆవిడ ఇంకా సరిగ్గా చూడలేదు. మేష్టారూ?

పరీక్షనాళిక:

సోడా క్షారం, పసుపు క్షారంలో ఎర్రబడుతుంది. కంగారుపడి మీరే ఇంకో ప్రయోగం చేసుకున్నారు. నీళ్ళతో తుడిచెయ్యండి, మళ్ళీ పసుపవుతుంది. తర్వాత ఎండలో పెట్టండి. పసుపు రంగు వెలుతురుకి నిలవదు, రెండు మూడు రోజుల్లో వెలిసిపోతుంది.

చీరాల అల్లుడు:

మేష్టారూ, ఆరుగురు కూర్చునే టేబుల్ అది. మూడో అంతస్తు.

నిజాంపట్నం:

ఇంట్లో ఎండ ఎటువైపు పడుతుందో చూసుకుని అక్కడికి జరుపు బాసూ. లేకపోతే మీ ఆవిడ షిఫ్టు అయి వచ్చేలోపు దాని మీద ఒక దుప్పటి కప్పు.

చీరాల అల్లుడు:

దుప్పటి కప్పేశా. అత్తగారు ఇప్పుడే దాని మీద వడియాలు ఆరబెడదామా అని అడుగుతున్నారు.